టెన్నిస్ ఎల్బో: స్టెరాయిడ్ సూదితో తగ్గి మళ్ళీ వచ్చింది, ఇప్పుడు పీఆర్‌పీ అంటున్నారు. ఏం చేయమంటారు?

మియాపూర్_మోచేయి | 8 జనవరి, రాత్రి 10.12

అందరికీ నమస్కారం. నా వయసు 43. ఆగస్టులో ఇల్లు మారాం. సామాను మోసేవాళ్ళు వచ్చినా, పుస్తకాల డబ్బాలు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా నేనే మోశాను. అదే కొంప ముంచింది. వారం తిరక్కుండా కుడి మోచేతికి బయటివైపు, ఆ బుడిపెలా ఉండే ఎముక దగ్గర నొప్పి మొదలైంది. మొదట్లో పట్టించుకోలేదు. పోను పోను టీ కప్పు ఎత్తాలన్నా, తాళం తిప్పాలన్నా, ఎవరైనా షేక్‌హ్యాండ్ ఇచ్చినా ప్రాణం పోయేది. పుట్టి బుద్ధెరిగి టెన్నిస్ రాకెట్ పట్టినవాణ్ణి కాదు. డాక్టరు గారు టెన్నిస్ ఎల్బో అన్నారు.

సెప్టెంబరు చివర్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. నాలుగో రోజుకల్లా నొప్పి మాయం. దీపావళికి ఇల్లంతా నేనే దులిపాను, ఫ్యాన్లతో సహా. డిసెంబరు మొదటి వారంలో మళ్ళీ మొదలైంది, ఇప్పుడు ముందుకంటే ఎక్కువగా ఉంది. మొన్న వెళ్తే "ఇంకో స్టెరాయిడ్ వేద్దాం, లేదంటే పీఆర్‌పీ చేద్దాం, మీ ఇష్టం" అన్నారు. పీఆర్‌పీ అంటే మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు తీసి సూదిగా వేయడమట. స్టెరాయిడ్‌కి 1,200 అయింది. పీఆర్‌పీ ఒక్కోటి 14 వేలట, రెండు కావాల్సి రావచ్చట. "మీ ఇష్టం" అంటే నాకేం తెలుస్తుంది? వేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

షటిల్_సుబ్బు | 8 జనవరి, రాత్రి 10.47

అన్నయ్యా, కళ్ళు మూసుకుని పీఆర్‌పీకి వెళ్ళు. విజయవాడలో పదిహేనేళ్ళుగా షటిల్ ఆడుతున్నా. నాకు బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా కొట్టే జబ్బుంది, భుజం తిప్పకుండా మణికట్టుతో లాగేస్తాను. దాంతో వచ్చింది. రెండు స్టెరాయిడ్లు వేయించుకున్నా. మొదటిది నాలుగు నెలలు పనిచేసింది, రెండోది గట్టిగా ఆరు వారాలు. మూడోది వేయనని డాక్టరే చెప్పేశాడు.

తర్వాత పీఆర్‌పీ. ఒక మాట ముందే చెప్తున్నా, మొదటి నాలుగు రోజులు నరకం. చేయి మడవలేక ఎడమ చేత్తో అన్నం తిన్నాను. నెలన్నర దాకా ఏమీ తేడా లేదు, డబ్బులు గంగలో కలిశాయనుకున్నా. మూడో నెల నుంచి మెల్లగా తగ్గింది. ఇప్పుడు రెండేళ్ళయింది, వారానికి నాలుగు రోజులు ఆడుతున్నా. రాకెట్ తీగ బిగుతు కూడా 28 పౌండ్ల నుంచి 24కి దింపించా, గ్రిప్ మీద ఇంకో చుట్టు వేయించా.

వంటింటి_వీరవనిత | 9 జనవరి, ఉదయం 11.05

నా అనుభవం స్టెరాయిడ్‌తోనే అండి. మాది రాజమండ్రి. గ్రైండరు గిన్నె ఎత్తడం, దుప్పట్లు పిండడం, ఇంతే నేను ఆడిన టెన్నిస్. సూది వేశాక నొప్పి తగ్గింది, అబద్ధం చెప్పను. కానీ రెండు నెలలకి సూది గుచ్చిన చోట చర్మం తెల్లబడింది, రూపాయి బిళ్ళంత. కొంచెం లోపలికి గుంట పడినట్టు కూడా అయింది. మా అత్తగారు చూసి బొల్లి అనుకున్నారు. ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంది, ఇక చూడండి కంగారు. పొడుగు చేతుల జాకెట్లు కుట్టించారు నాకు. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే "ఇది బొల్లి కాదమ్మా, స్టెరాయిడ్ మందు చర్మం కిందికి పాకితే ఇలా రంగు పోతుంది, కొవ్వు కరుగుతుంది, చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది" అన్నారు. సర్దుకోవడానికి ఏడాది దాటింది. ఈ సంగతి సూది వేసే ముందు ఒక్క ముక్క చెప్పి ఉంటే మా ఇంట్లో అంత టెన్షన్ ఉండేది కాదు.

అనంత_సీమ | 9 జనవరి, మధ్యాహ్నం 1.20

షుగరున్నోళ్ళు ఇంకో సంగతి గుర్తు పెట్టుకోవాల. నాకు 56. మామూలుగా పరగడుపున 130 ఉండేది, మోచేతికి స్టెరాయిడ్ వేయించుకున్న మర్నాడు 260 చూపించింది. మిషన్ చెడిపోయిందనుకుని పక్కింటాయన మిషన్‌తో చూసినా అంతే. వారం దాకా దిగలా. షుగరుందని నేను డాక్టరుకు చెప్పలేదు, ఆయనా అడగలా. మోచేతిలో వేసే చుక్క మందుకు ఒళ్ళంతా ఏమవుతుందిలే అనుకున్నా, తప్పు నాదీ ఉంది.

ఫిజియో_విశాఖ | 9 జనవరి, రాత్రి 9.30

నేను ఫిజియోథెరపిస్టుని. రోజుకి కనీసం ఇద్దరు ఈ నొప్పితో వస్తారు. ఏ సూది అని అడిగే ముందు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

చాలామంది "నరం పట్టేసింది" అంటారు. ఇది నరం కాదండి. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు, టెండన్. మణికట్టుని పైకి లేపే కండరాలు ముంజేతి మీదుగా సాగి వచ్చి మోచేతి బయటి ఎముకకి అతుక్కుంటాయి. అందుకే పని చేసేది మణికట్టు, ఏడ్చేది మోచేయి. అరచేయి కిందికి పెట్టి కుర్చీ ఎత్తి చూడండి, ప్రాణం పోతుంది. అదే కుర్చీని అరచేయి పైకి పెట్టి ఎత్తితే అంత నొప్పి ఉండదు.

ఇక రెండో సంగతి. దీన్ని చాలాకాలం వాపు అనుకున్నారు. 1979లో నిర్ష్ల్ అనే అమెరికా సర్జన్ తన సహచరుడితో కలిసి, ఆపరేషన్లలో తీసిన టెండన్ ముక్కలు ఎలా ఉన్నాయో రాశారు. అక్కడ వాపు కణాలు కనిపించలేదు. వరుసగా ఉండాల్సిన పోగులు చిందరవందరగా, పాత నులక మంచం తాడులా ఉన్నాయి, మధ్యలో పిచ్చి మొక్కల్లా కొత్త రక్తనాళాలు. అంటే అరిగిపోయి, సరిగా మానని తాడు. స్టెరాయిడ్ నొప్పిని అణుస్తుంది, కానీ ఆ తాడుని తిరిగి పేనదు. పైగా అదే చోట పదే పదే వేస్తే తాడు బలహీనపడుతుందన్న భయం ఉంది, అందుకే సుబ్బు గారికి మూడోది వేయలేదు.

పీఆర్‌పీ వెనక ఆలోచన దీనికి తిరగేసి ఉంటుంది. మీ రక్తమే తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని అక్కడ వేస్తారు. ప్లేట్‌లెట్లలో గాయం మాన్పే పదార్థాలుంటాయి కాబట్టి ఆగిపోయిన మరమ్మత్తు మళ్ళీ మొదలవుతుందని ఆశ. ఆలోచన బాగుంది. ఆలోచన బాగున్నంత మాత్రాన ఫలితం బాగుండాలని లేదు, ఆ సంగతి పేపర్లు చదివేవాళ్ళు చెప్పాలి.

కాగితాలపురుగు | 9 జనవరి, రాత్రి 11.58

పిలిచినట్టే ఉంది కాబట్టి వచ్చేశాను. నాకు డాక్టరీ రాదు, బెంగళూరులో లెక్కలు చూసుకునే ఉద్యోగం. రెండేళ్ళ క్రితం నాకే ఈ నొప్పి వచ్చినప్పుడు నిద్ర మానేసి చదివాను.

ముందు స్టెరాయిడ్. 2002లో నెదర్లాండ్స్‌లో 185 మందిని మూడు గుంపులు చేశారు: సూది, ఫిజియో, ఊరికే ఆగడం. ఆరు వారాలకి సూది గుంపులో 92 శాతం మందికి బాగుంది. ఊరికే ఆగినవాళ్ళలో 32 శాతమే. ఇక్కడితో ఆపేస్తే సూదికి గుడి కట్టొచ్చు. కానీ ఏడాదికి చూస్తే సూది గుంపు 69కి దిగింది, ఊరికే ఆగినవాళ్ళు 83కి వచ్చారు, ఫిజియో వాళ్ళు 91. మళ్ళీ చదవండి. ఏమీ చేయనివాళ్ళు సూది వేయించుకున్నవాళ్ళని దాటిపోయారు.

ఇదేదో ఒక్కసారి జరిగింది అనుకోవడానికి లేదు. 2006లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 198 మందితో చేశారు. సూదితో మొదట బాగుపడిన 65 మందిలో 47 మందికి తిరగబెట్టింది. మియాపూర్ అన్నా, నీ కథ అదే. 2013లో అదే ఊళ్ళో 165 మందికి, కొందరికి స్టెరాయిడ్, కొందరికి పోల్చి చూడ్డానికి మందు లేని ఉత్త ఉప్పునీటి సూది వేశారు. ఏడాదికి పూర్తిగా కోలుకున్నామన్నవాళ్ళు, చాలా నయమైందన్నవాళ్ళు కలిపి స్టెరాయిడ్‌లో 83 శాతం, ఉప్పునీటిలో 96. తిరగబెట్టడం స్టెరాయిడ్‌లో 54 శాతం, ఉప్పునీటిలో 12.

ఇప్పుడు పీఆర్‌పీ. 2010లో నెదర్లాండ్స్ నుంచే 100 మంది పరీక్ష వచ్చింది, పీఆర్‌పీకీ స్టెరాయిడ్‌కీ పోటీ. ఏడాదికి పీఆర్‌పీ గుంపులో 73 శాతం మందికి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది, స్టెరాయిడ్‌లో సగం మందికి. దీన్ని చూపించే అందరూ పీఆర్‌పీ గెలిచిందంటారు. సంక్రాంతి ముందు కాబట్టి ఇలా చెప్తాను: కుంటి కోడి మీద పందెం గెలిచి నా పుంజు గొప్పదంటే ఎలా? ఏడాది పందెంలో స్టెరాయిడ్ ఊరికే ఆగినవాళ్ళ చేతిలోనే ఓడిపోయింది కదా.

అసలు పోటీ ఉప్పునీటితో పెట్టాలి. 2013లో డెన్మార్క్‌లో 60 మందితో పెట్టారు, మూడు నెలలకి నొప్పిలో తేడా రాలేదు. 2020లో ఫిన్లాండ్‌లో 119 మందితో ఏడాదిపాటు చూశారు, పీఆర్‌పీ, మామూలు సొంత రక్తం, ఉప్పునీరు మూడూ ఒకటే. 2021లో కాక్రేన్ వాళ్ళు (వైద్య పరీక్షలన్నీ పోగేసి తూకం వేసే సంస్థ) 32 పరీక్షలు కలిపి చూసి, సొంత రక్తమైనా పీఆర్‌పీ అయినా చెప్పుకోదగ్గ మేలు కనబడట్లేదన్నారు. పీఆర్‌పీ వైపు మాట్లాడే పెద్ద పరీక్ష ఒకటుంది, అమెరికాలో 230 మందితో, 2014లో అచ్చయింది. ఆరు నెలలకి పీఆర్‌పీ గుంపులో 84 శాతం మందికి, పోటీ గుంపులో 68 శాతం మందికి తగ్గింది. కానీ అందులో కూడా పీఆర్‌పీ లేకుండా మత్తుమందుతో సూది గుచ్చించుకున్నవాళ్ళలో 68 శాతం మందికి తగ్గిందని గమనించండి.

షటిల్_సుబ్బు | 10 జనవరి, ఉదయం 6.40

బాబూ, నీ కాగితాలు నా చేయిని చూడలేదు. రెండేళ్ళుగా ఆడుతున్నా. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కాగితాలపురుగు | 10 జనవరి, ఉదయం 8.15

సుబ్బన్నా, నీకు తగ్గలేదని నేననలేదు. నొప్పి మొదలైనప్పటి నుంచి పీఆర్‌పీ మూడో నెల దాకా ఎంతకాలం పట్టిందో చెప్పు.

షటిల్_సుబ్బు | 10 జనవరి, ఉదయం 8.31

ఏడాది మీద రెండు నెలలు. తెలుసు నువ్వేం అంటావో. అనకు.

రంపం_రాజన్న | 10 జనవరి, రాత్రి 8.50

నేను కరీంనగర్‌లో వడ్రంగి పని చేస్త. ఇదంతా చదివిన. మంచిగనే ఉంది, కానీ ఒక్క మాట అడుగుత. ఏడాదికి ఊరికే ఉన్నోళ్ళకు 83 తగ్గింది అంటున్నరు. ఊరికే ఉంటే నాకు ఇంట్ల పొయ్యి ఎట్ల వెలుగుతది? రోజుకు రెండు వందల స్క్రూలు బిగిస్త. నాకు పోయిన ఏడాది ఇదే నొప్పి వచ్చింది. పెండ్లిళ్ళ సీజన్, నాలుగు బీరువాలు, రెండు డబల్ కాట్లు ఒప్పుకున్న, అడ్వాన్సు తిన్న. స్టెరాయిడ్ వేయించుకున్న, వారానికి పనిల పడ్డ, బాకీ తీరింది. ఏడాదికి ఏమైతదో ఆలోచించే పరిస్థితి అందరికి ఉండది. ఇప్పుడు కొద్దిగ గుంజుతుంది, కానీ ఆ సూది వేసినాయనకు దండం పెడ్త.

ఫిజియో_విశాఖ | 10 జనవరి, రాత్రి 9.44

రాజన్న గారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. క్లినిక్‌లో నేను తప్పించుకునే ప్రశ్న కూడా ఇదే. "పన్నెండు వారాలు వ్యాయామం చేయండి" అని చెప్పడం సులువు, ఆ పన్నెండు వారాలు కూలి ఎవరిస్తారు?

ఒక్క స్టెరాయిడ్ సూది వేసుకున్నందుకు మీరు తప్పు చేశారని నేననను. నాకు కనబడే చిక్కు వేరే. సూదితో నొప్పి పోతుంది, తాడు మాత్రం అలాగే ఉంటుంది. నొప్పి ఉన్నప్పుడు చేయి తనని తాను కాపాడుకుంటుంది, నొప్పి పోయాక మనం రెట్టింపు పని చేయిస్తాం. మియాపూర్ గారు ఫ్యాన్లు దులిపారు, మీరు బీరువాలు బిగించారు. తిరగబెట్టడానికి ఇది ఒక కారణమని నా అనుమానం. సూది వేయించుకున్నా రెండు వారాలు బరువు తగ్గించి, తర్వాత వ్యాయామం పెట్టుకుంటే కొంత నయం.

మీకు పనికొచ్చే మాట ఇంకొకటి. చేత్తో తిప్పే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి బ్యాటరీది కొనండి. పిడి లావుగా ఉండేది చూడండి, సన్నటి పిడిని గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది. పీఆర్‌పీ ఖర్చులో సగానికే మంచిది వస్తుంది.

రంపం_రాజన్న | 10 జనవరి, రాత్రి 10.02

ఉన్నది సారూ. మా తమ్ముడు ఎత్తుకపోయిండు. రేపే గుంజుకొస్త.

వీణ_టీచర్ | 11 జనవరి, సాయంత్రం 4.25

విజయనగరం నుంచి రాస్తున్నాను. వీణ నేర్పుతాను, ముప్ఫై ఏళ్ళయింది. నాకు ఎడమ మోచేయి. మా బంధువుల అబ్బాయి ఒకరు బొటాక్స్ కూడా వేస్తారని చెప్పాడు, ముఖం మీద ముడతలకి వేసేదేనట. నిజమేనా? అలాగే చక్కెర నీళ్ళ సూది అని ఇంకోటి విన్నాను. నవ్వకండి.

ఫిజియో_విశాఖ | 11 జనవరి, సాయంత్రం 6.10

నవ్వాల్సిన పని లేదమ్మా, రెండూ ఉన్నాయి. బొటాక్స్ కండరాన్ని కొన్నాళ్ళు నిద్రపుచ్చుతుంది, తాడు మీద లాగుడు తగ్గుతుంది. కానీ ఆ కండరాల పక్కనే వేళ్ళని పైకి లేపే కండరాలున్నాయి. మందు వాటికి పాకితే కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, వేళ్ళు పూర్తిగా లేవవు. ముఖ్యంగా మధ్య వేలు. మెట్ల మీద గమకం పలికించే ఎడమ చేతికి అది వేయించుకోమని నేను చచ్చినా చెప్పను.

చక్కెర నీళ్ళ సూదిని ప్రోలోథెరపీ అంటారు. చిక్కటి డెక్స్‌ట్రోజ్ వేసి కావాలనే అక్కడ కొంచెం రగిలిస్తారు, దాంతో మానడం మొదలవుతుందని. ఖర్చు తక్కువే, కానీ జరిగిన పరీక్షలు చిన్నవి.

కాగితాలపురుగు | 11 జనవరి, రాత్రి 9.05

బొటాక్స్ మీద 2005లో హాంకాంగ్‌లో 60 మందితో చేశారు. నొప్పి తగ్గింది, వేళ్ళ నీరసం కూడా కొందరికి వచ్చింది. ప్రోలోథెరపీ మీద నేను చూసిన 2008 నాటి పరీక్షలో మొత్తం 24 మందే. అంతకంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎక్కువమంది ఉన్నారు.

డల్లాస్_బావ | 12 జనవరి, ఉదయం 7.15

ఇక్కడ కథ వేరు. డల్లాస్‌లో నా ఇన్సూరెన్స్ స్టెరాయిడ్‌కి ఇస్తుంది, పీఆర్‌పీకి పైసా ఇవ్వలేదు, "ఇంకా ప్రయోగ దశ" అని ఉత్తరం పంపారు. జేబులోంచి 750 డాలర్లు కట్టాను. ఎలా చేస్తారో ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా.

వారం ముందు నుంచే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఆపమన్నారు, ప్లేట్‌లెట్ల పని చెడగొడతాయని. తర్వాత కూడా రెండు వారాలు వద్దన్నారు, నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. ఎడమ చేతి నుంచి రక్తం తీశారు, ఒక చిన్న టీ గ్లాసులో సగం ఉంటుందేమో. పావుగంట యంత్రంలో తిప్పారు. పైన పసుప్పచ్చగా, తేరిన పాత నెయ్యిలా ఒక పొర వచ్చింది, దాన్ని సిరంజిలోకి లాగారు. అల్ట్రాసౌండ్ తెరలో చూస్తూ ఒకే రంధ్రంలోంచి సూదిని అటూ ఇటూ ఐదారుసార్లు పొడిచారు. పైన చర్మానికి మత్తు ఇచ్చారు, లోపల మాత్రం తెలిసింది బాబోయ్. అమ్మని తలుచుకున్నాను, తెలుగులోనే.

నాలుగు నెలలకి 70 శాతం తగ్గింది. ఆ పొడవడం వల్లే తగ్గిందేమో అని నాకూ అనుమానం. ఉత్త సూదితో కూడా అలా పొడుస్తారట, ఏ మందూ లేకుండా.

పాత_కాపు | 12 జనవరి, ఉదయం 10.30

ఇంత డబ్బు ఎందుకండీ, పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోండి. మా నాన్నగారికి చేయి విరిగితే అక్కడే అతుక్కుంది.

ఫిజియో_విశాఖ | 12 జనవరి, ఉదయం 11.02

పెద్దాయన చేయి విరిగింది అండి, ఇక్కడ ఎముక విరగలేదు. టెండన్‌కి కదలిక కావాలి. కట్టు కట్టి నెల కూర్చోబెడితే ఇంకా నీరసపడుతుంది.

నిర్వాహకుడు | 12 జనవరి, మధ్యాహ్నం 2.00

రెండు పోస్టుల్లో ఆసుపత్రుల, డాక్టర్ల పేర్లు రాశారు, తీసేశాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు. "ఫోన్ నంబరు పంపండి" పోస్టులు కూడా.

మియాపూర్_మోచేయి | 12 జనవరి, రాత్రి 10.40

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. రెండో స్టెరాయిడ్ మాత్రం వద్దని తేల్చుకున్నా. పీఆర్‌పీ సంగతి తర్వాత చూస్తాను. ఫిజియో గారూ, ఆ వ్యాయామం ఏదో ఇక్కడే చెప్పకూడదా? ఇంకో భయం కూడా ఉంది, అసలు ఇది టెన్నిస్ ఎల్బోయేనా, మెడ నుంచి వస్తోందా అని. రోజంతా కంప్యూటరు ముందే కదా.

ఫిజియో_విశాఖ | 13 జనవరి, ఉదయం 7.50

భోగి మంట ఆరేలోపు రాస్తాను.

ముందు మీ భయం సంగతి. బొటనవేలు తిమ్మిరెక్కడం, మెడ తిప్పితే నొప్పి చేతిలోకి పాకడం ఉంటే మెడ చూపించుకోండి. నొప్పి సరిగ్గా ఎముక మీద కాకుండా నాలుగు వేళ్ళ కింద, ముంజేతి కండలో ఉండి రాత్రిళ్ళు లాగుతుంటే అక్కడ నిజంగానే నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, అప్పుడు ఎముక మీద వేసే ఏ సూదీ పనిచేయదు. సూది వేసినా అస్సలు తగ్గలేదనేవాళ్ళలో ఇలాంటివాళ్ళని నేను చూశాను. మీకు మొదటి సూదికి పూర్తిగా తగ్గింది కాబట్టి చోటు సరైనదే అయ్యుంటుంది.

వ్యాయామం. అర లీటరు నీళ్ళ సీసా నిండుగా తీసుకోండి, అర కిలో ఉంటుంది. ముంజేతిని బల్ల మీద ఆనించి, మణికట్టు అంచు బయటికి, అరచేయి కిందికి. ఎడమ చేత్తో సాయం చేసి మణికట్టుని పైకి లేపండి. తర్వాత ఎడమ చేయి వదిలేసి నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దింపండి. దించడమే మందు, లేపడం కాదు. పదిహేనేసి చొప్పున మూడు సార్లు, రోజూ. చేసేటప్పుడు పదికి మూడు నాలుగు నొప్పి ఉంటే భయపడొద్దు. మర్నాడు పొద్దున లేచేసరికి ముందురోజు కంటే ఎక్కువ ఉంటే మాత్రం సీసాలో నీళ్ళు సగం చేయండి. ఆరు వారాలకి కొంచెం, పన్నెండు వారాలకి బాగా తెలుస్తుంది. నాలుగో వారంలో అందరూ మానేస్తారు, అప్పుడే మానకూడదు.

పట్టీ కొంటే సరిగ్గా నొప్పి ఉన్న ఎముక మీద కట్టొద్దు, దాని కింద రెండు వేళ్ళ దూరంలో కండ మీద కట్టాలి. పని చేసేటప్పుడే, నిద్రలో వద్దు. సంచులు అరచేయి పైకి పెట్టి ఎత్తండి.

షటిల్_సుబ్బు | 13 జనవరి, ఉదయం 9.20

మరి సచిన్‌కి ఇవన్నీ చెప్పేవాళ్ళు లేకనా? 2004లో మొదలైంది, ఆయన దగ్గర ఫిజియోలకి కొదవా, డబ్బుకి కొదవా. చివరికి 2005 మే నెలలో లండన్‌లో ఆపరేషనే చేయించుకున్నాడు. అక్టోబరులో నాగ్‌పూర్‌లో శ్రీలంక మీద తిరిగొచ్చి 93 కొట్టాడు. ఆ మ్యాచ్ రోజు మా వీధిలో టపాకాయలు కాల్చాం.

ఫిజియో_విశాఖ | 13 జనవరి, ఉదయం 9.41

ఆపరేషన్ అవసరమయ్యేవాళ్ళు ఉంటారు సుబ్బు గారూ, కానీ చాలా తక్కువమంది. ఆరు నెలల నుంచి ఏడాది అన్నీ సరిగ్గా చేసినా తగ్గకపోతే అప్పుడు ఆలోచిస్తారు. ఆయనది బరువైన బ్యాట్, ఏడాది పొడుగునా క్రికెట్. మియాపూర్ గారిది పుస్తకాల డబ్బా.

మియాపూర్_మోచేయి | 21 జూన్, రాత్రి 9.15

అయిదు నెలల తర్వాత వస్తున్నా, తిట్టకండి. ఈ చర్చ చదివి చాలామంది నాకు సందేశాలు పెట్టారు కాబట్టి ఏమైందో చెప్పాలి.

సంక్రాంతి నుంచి సీసా మొదలుపెట్టాను. నాలుగో వారంలో నిజంగానే మానేశాను, ఎనిమిది రోజులు. మళ్ళీ పట్టుకున్నా. మార్చి మొదటికి కొంచెం నయం, కానీ ఆఫీసులో ల్యాప్‌టాప్ సంచి ఎత్తితే పొడిచేది. ఓపిక నశించి మార్చి 14న పీఆర్‌పీ వేయించుకున్నా, ఒక్కటే. 14 వేలన్నది మందులూ స్కానింగూ కలిపి 17 దాకా అయింది. సుబ్బు చెప్పిన నరకం నాకు రెండు రోజులే. రెండు వారాలు ఆగి మళ్ళీ సీసా. ఇప్పుడు కిలో దాకా వచ్చాను. నొప్పి నూటికి ఎనభై అయిదు పోయింది. నిన్న పచ్చడి జాడీ మూత తీశాను, ఇంట్లో చప్పట్లు కొట్టారు.

షటిల్_సుబ్బు | 21 జూన్, రాత్రి 9.22

చెప్పానా! పీఆర్‌పీ!

కాగితాలపురుగు | 21 జూన్, రాత్రి 9.50

అన్నా, సంతోషం. ఊరికే అడుగుతున్నా. నొప్పి మొదలై పది నెలలు, వ్యాయామం అయిదు నెలలు, పీఆర్‌పీ మూడు నెలలు. దేని వల్ల తగ్గిందంటావు?

మియాపూర్_మోచేయి | 21 జూన్, రాత్రి 10.05

17 వేలు పెట్టాను కాబట్టి పీఆర్‌పీ అనే అనిపిస్తుంది తమ్ముడూ. ఫిజియో గారి మొహం చూస్తే సీసా అనాలనిపిస్తుంది. మా ఆవిడని అడిగితే "పుస్తకాలు మోయడం మానేశారు, అందుకు" అంది. మీ ముగ్గురిలో ఎవరు కరెక్టో తేల్చాలంటే నాకు ఇంకో కుడి చేయి కావాలి.

వంటింటి_వీరవనిత | 22 జూన్, ఉదయం 10.40

ఆవిడే కరెక్టు.

రంపం_రాజన్న | 22 జూన్, రాత్రి 8.30

మియాపూర్ అన్నా, మంచిగైంది. బ్యాటరీ స్క్రూడ్రైవర్ వచ్చినంక నా కుడి చేయి ఇప్పుడు నిమ్మలంగ ఉంది. కానీ మూడు వారాల సంది ఎడమ చేయి మొదలైంది, చెక్కను ఒత్తి పట్టుకునేది దానితోనే కద. ఫిజియో సారూ, ఈసారి సూది ముందా, సీసా ముందా?

ఫిజియో_విశాఖ | 22 జూన్, రాత్రి 9.12

సీసా ముందు రాజన్న గారూ. నీళ్ళ సీసా. చెక్క పట్టుకోవడానికి బల్లకి బిగించే శికంజా వాడండి, చేతికి ఆ పని తప్పుతుంది. పట్టీ ఎక్కడ కట్టారో ఫోటో పెట్టండి, మొన్న మీరు నాకు విడిగా పంపిన ఫోటోలో అది ఎముక మీదే ఉంది.